చెట్టు మొదట్లో చెప్పులు

పోయిన నెల మా ఊరు కనకమామిడిలో ఇంటికి పెంకులు దింపించి స్లాబు వేయించేటప్పుడు, అటక మీది సామానంతా నేనే కిందికి అందించాను. విరిగిన చాట, అవ్వ రోకలి, ఎలుకలు కొట్టిన బొంత, వాటన్నిటి వెనక మూలకు ఒక లొట్టి. లొట్టి అంటే కల్లు పట్టే మట్టికుండ. ఒకప్పుడు మా ఇంట్లో ఎటు చూసినా లొట్లే ఉండేవి, అందుకని అది కనపడటంలో వింతేమీ లేదు. కానీ దీని మూతికి గుడ్డ వేసి, చుట్టూ సుతిలి తాడుతో బిగించి కట్టి ఉంది. కదిలిస్తే లోపల గలగలమంది. కింద నిలబడ్డ అమ్మ, "ఏందే అది, పగిలిందా?" అని అడిగింది. "లేదమ్మా. నా ఆట పెళ్లలు" అన్నాను. అమ్మ రెండు చేతులూ చాపి ఆ లొట్టిని అందుకుని, మేస్త్రీలు తొక్కని చోటు వెతికి, తులసికోట పక్కన నెమ్మదిగా పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఎవరికీ వస్తువును చప్పుడు చేస్తూ కింద పెట్టడం రాదు. ఎందుకో చెప్పాలంటే మా బాపు పని గురించి చెప్పాలి.

బాపు, అంటే మా నాన్న, కల్లు కోసం ఈత చెట్లు గీసేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్లెక్కేవాడు. మా ఇంట్లో తెల్లవారడమంటే కోడి కూయడం కాదు, బాపు కత్తి నూరడం. చెక్క మీద పలుగురాతి పొడి చల్లుకుని, కత్తిని అటూ ఇటూ లాగుతూ ఉంటే వచ్చే ఆ గరగర చప్పుడుకు మెలకువ వచ్చేది. మెలకువ రాగానే బాపు ఇంకా వాకిట్లోనే ఉన్నాడా అని చూసేదాన్ని. వాకిట్లో కడిగి బోర్లించిన లొట్ల పులుపు వాసన, దండెం మీద ఆరేసిన మోకుది చెమట వాసన, బెరడు వాసన. మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు. దానికి ఆనుకునే బాపు పైకి పోయేవాడు. స్కూల్లో పిల్లలు నా దగ్గర కల్లు వాసన వస్తుందని ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం అది బాపు ఇంట్లో ఉన్నాడని చెప్పే వాసన. ఆ వాసన వస్తున్నంతసేపు భయం లేదు.

మా తాత చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. నేను పుట్టకముందు సంగతి. ఆయన ఫొటో కూడా మా ఇంట్లో లేదు, కానీ ఆయన పడటం మాత్రం రోజూ ఉండేది. అవ్వ, అంటే మా నాన్నమ్మ, దాన్ని ఇంట్లోంచి ఎప్పుడూ పోనివ్వలేదు. బాపు చెట్టు మీద ఉన్నంతసేపు ఇంట్లో పైనున్నదేదీ కిందికి దించకూడదు. దండెం మీది బట్టలు తీయకూడదు. గూట్లోంచి డబ్బా దించకూడదు. అన్నం కుండ పొయ్యి మీద ఉంటే పొయ్యి మీదే ఉండాలి, అడుగంటినా సరే. ఇక ఏదైనా చేయి జారి పడిందంటే అంతే సంగతి. ఒకసారి సాయంత్రం పూట నా చేతిలోంచి గిలాస పడి దొర్లుకుంటూ గడప దాకా పోయింది. అవ్వ నన్ను తిట్టలేదు. కొట్టలేదు. గడపలో కూర్చుని, దారి వైపు చూస్తూ, బాపు మలుపు తిరిగి కనబడేదాకా కొంగు నోట్లో కుక్కుకుంది. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

ఇంకో కట్టుబాటు చెట్ల కింద. చెట్టెక్కేముందు బాపు చెప్పులు విడిచి, చెట్టు మొదట్లో పక్కపక్కన పెట్టేవాడు, వాటి ముందు భాగం ఇంటి దిక్కు ఉండేటట్టు. "చెప్పులు ఇంటి దిక్కు సూడాలె బిడ్డా, అప్పుడే మనిషి ఇంటికొస్తడు" అనేది అవ్వ. చెట్టు మొదట్లో చెప్పులున్నాయంటే పైన మనిషి ఉన్నాడని లెక్క. అది మా వాళ్లందరికీ తెలుసు. ఆ చెప్పుల్ని ఎవరూ ముట్టరు. ఆ చెట్టు కింద ఎవరూ గట్టిగా మాట్లాడరు, పైకి కేక వేసి పిలవరు, ఎందుకంటే ఉలిక్కిపడితే పట్టు తప్పుతుంది. నేను బాపుకు చాయ్ పట్టుకుపోయినప్పుడు చెప్పుల పక్కన కూర్చుని, ఆయన దిగేదాకా దగ్గు వచ్చినా ఆపుకునేదాన్ని. నన్ను చూసి ఊళ్లో అందరూ "గీ పోరికి నోట్లె నాలుక లేదు" అనేవాళ్లు. నాలుక ఉంది. దాన్ని బిగబట్టడమే మొదట నేర్చుకున్నాను.

అట్లాంటి ఇంట్లోకి బొమ్మ ఇటుకలు వచ్చాయి. మా చిన్నమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేసేది. ఆ యజమానుల పిల్లలు పెద్దవాళ్లై, వాళ్ల ప్లాస్టిక్ ఇటుకల్ని పారేద్దామనుకుంటే చిన్నమ్మ అడిగి బియ్యం సంచిలో పోసుకొచ్చింది. సంచిని వాకిట్లో బోర్లించగానే అవ్వ గుండె పట్టుకుంది. "ఏందే గీ పెళ్లలు? ఇల్లు గడుతవా ఏంది?" "ఆడుకుంటది తియ్యి అత్తమ్మా, పట్నం పిల్లలు వీటితోని విమానాలు, కోటలు అన్నీ చేస్తరు" అంది చిన్నమ్మ. "విమానం చేసి నన్ను ఎక్కిస్తదా మరి? సేతికందేటియి సేసుకొమ్మను, పైకి పోయేటియి వద్దు." మర్నాడు చీకట్లో ఒక ముక్క మీద కాలు వేసి అవ్వ ఎగిరి గంతేసింది. "తేలు కుట్టినా గిట్ల మండదు! ఇవి ఆడుకునేటియా, మనుషుల్ని సంపేటియా?" అని రోజంతా కుంటింది. బాపు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

ఇటుకలతో అసలు చిక్కు ఏమిటంటే, అవి పడతాయి. బాపు చెట్టు మీద ఉన్న వేళే నేను స్కూలు నుంచి వచ్చే వేళ. ఇంట్లో ఏదీ పడకూడని ఆ వేళకు నేను గోడలు కట్టాలి. అందుకని ఒక బొంత పరుచుకుని, దాని మీద కట్టేదాన్ని. ఒక్కో ముక్కను వేళ్లతో పట్టుకుని, కింది ముక్క మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కేదాన్ని. టక్కుమనే చప్పుడు కూడా బయటికి రాకుండా కొంగుతో కప్పి నొక్కమని అవ్వ చెప్పింది. నేను లంగా అంచుతో కప్పి నొక్కేదాన్ని. అట్లా కట్టినవి గట్టిగా ఉండేవి. మొదట్లో ఇళ్లు కట్టాను. తర్వాత ఇళ్లు మానేసి చెట్లు కట్టడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడనిపిస్తుంది, ఆ చెట్లు నాకు కనపడే చోట, నా మోకాళ్ల ముందు ఉంటే చాలనుకున్నానేమో.

మొదటి చెట్టును చూసి బాపు పెదవి విరిచాడు. నిటారుగా ఒక కంబం, దాని మీద గొడుగులా ఆకుపచ్చ ముక్కలు. "గిది కరెంటు కంబం లెక్కున్నది గద బిడ్డా" అన్నాడు. "మీ పుస్తకాలల్ల చెట్టు గిట్ల గీస్తరు. ఈత చెట్టు ఎట్లుంటదో నువ్వు సూడలేదా?" మర్నాడు నన్ను వెంటబెట్టుకుపోయి ఒక చెట్టు కింద నిలబెట్టి, మొదటి నుంచి కొస దాకా వేలితో చూపించాడు. ఈత చెట్టు తిన్నగా పెరగదు. ఒక ఏడాది ఒక వైపు చెక్కి కల్లు తీస్తారు. మరుసటి ఏడాది దానికి ఎదురు వైపు. చెక్కిన చోట చెట్టు కొంచెం వెనక్కి తగ్గుతుంది, మళ్లీ ఇటు తిరుగుతుంది. చూస్తూ పోతే మాను అంతా అటొక మెట్టు, ఇటొక మెట్టుగా వంకరలు పోయి ఉంటుంది. "గీ కింది గాట్లు మీ తాతయి. గాడికెల్లి నాయి" అన్నాడు బాపు, ఒక చోట వేలు ఆపి. తాత చేతి గుర్తులు చూడటం నాకు అదే మొదటిసారి. అవి నా తలకంటే ఎంతో ఎత్తులో ఆగిపోయాయి.

ఆ సాయంత్రం చెట్టును విప్పి మళ్లీ కట్టాను. ఒక ముక్కను ఒక బొడిపె మేర కుడికి జరిపి, దాని మీది ముక్కను ఎడమకు జరిపి, అటూ ఇటూ. ఇటుకలకు ఆ పని ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. ఈత మాను నిండా రాలిన మట్టల మొదళ్లు పొడుచుకుని ఉంటాయి. ఇటుకల మీది బొడిపెలు అచ్చం అట్లాగే ఉన్నాయి. గోధుమరంగు ముక్కలు లేవు కాబట్టి ఎవరో కోట కోసం వాడిన నలుపూ బూడిదరంగు ముక్కలతో మాను కట్టాను. పైన సన్నని పొడుగు ముక్కల్ని చుట్టూ దూర్చి మట్టలు చేశాను. వేలెడు తెల్ల ముక్కతో లొట్టి. మొదట్లో, ఒక వైపు వాలుగా ఉండే ఎర్ర ముక్కలు రెండు, పక్కపక్కన. అవి చెప్పులు. వాలు ఉన్న వైపు ముందు భాగం. వాటిని మా గడప దిక్కు తిప్పి పెట్టాను. బాపు వచ్చి, వంగి, మాను వంకరలన్నీ చూశాడు. తర్వాత, "గిది నర్సన్న చెలకల చెట్టు" అన్నాడు. నేను కట్టింది నిజంగా ఆ చెట్టునే, నర్సన్న మెట్ట చేలో బాపు నాకు వేలితో చూపించినదాన్నే. గుర్తుపట్టాడు.

పైన ఒక మనిషి బొమ్మను కూడా పెట్టాను. పసుపు తల, నీలం కాళ్లు, నడుముకు దారం చుట్టి మానుకు కట్టాను. దాన్ని చూసి అవ్వ ముఖం పాలిపోయింది. "చెట్టు మీద మనిషిని పెట్టి అన్నం తినొస్తవానే? దించు. దించినంకనే ముద్ద ముట్టు." అప్పటి నుంచి అదొక కట్టుబాటు అయింది. సాయంత్రం బాపు మోకు భుజాన వేసుకుని బయల్దేరగానే మనిషిని చెట్టెక్కించేదాన్ని. మలుపులో బాపు కనపడగానే దించేదాన్ని. మధ్యలో ఆ బొమ్మను ముట్టేదాన్ని కాదు. బాపు ఆలస్యమైన రోజున దాని వైపు చూడకుండా ఉండటానికి, ఆ చెట్టు చుట్టూ వేరే లోకం కట్టేదాన్ని. అదంతా ఉత్త కల్పన. చెట్ల కింద నీలం ముక్కలతో చెరువు, ఎవరైనా పడితే నీళ్లలో పడాలని. మనిషిని వీపున మోయగలిగేంత పెద్ద పక్షులు. మాను లోపల మెట్లున్న చెట్టు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది, అడిగితే వంగే చెట్టు. గీసేవాడు కింద నిలబడి అడిగితే చాలు, అది మోకాళ్ల మీద వంగి తల కిందికి తెస్తుంది. దాన్ని బాపుకు చూపించి, చెవిలో చెప్పాను. బాపు సీరియస్‌గా ఆలోచించి, "వంగితె లొట్టిలున్న కల్లంత కారిపోతది గద బిడ్డా?" అన్నాడు. అప్పుడు లొట్టికి మూత పెట్టాను.

ఆ రోజుల్లోనే మా చుట్టూ గోడలు మొదలయ్యాయి. నర్సన్న మా బాపుతో పాటు చెట్లు గీసే మనిషి, చెలక మాత్రం ఆయన సొంతం. ఆయన తన చెలకను పట్నం వాళ్లకు అమ్మాడు. వాళ్లు చుట్టూ ప్రహరీ కట్టి, గేటు పెట్టి, గడ్డి పరిచి, లోపల ఉన్న ఈత చెట్టును అందం కోసం ఉంచారు. బాపును గీసుకోనిచ్చారు కూడా. మంచివాళ్లే. పాత వాచ్‌మన్ మా ఊరివాడు కాబట్టి బాపు వచ్చే వేళకు గేటు తీసి ఉంచేవాడు. తర్వాత అతను మానేసి, ఎక్కడి నుంచో దూరపు ఊరి మనిషి వాచ్‌మన్‌గా వచ్చాడు. అతనికి చెట్ల సంగతులేవీ తెలియవు. ఎండలు ముదిరిన ఒక శనివారం, యజమానులు రాత్రికి వస్తున్నారని అతను తోటంతా ఊడ్చి నీళ్లు చల్లాడు.

ఆ సాయంత్రం బాపు రాలేదు. ఎండ గోడ మీది నుంచి పైకి పోయింది. అమ్మ పూల తోటలో కూలి చేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, అవ్వ వైపు చూసింది. అవ్వ గడపలో ఉంది. పొయ్యి మీద అన్నం మాడు వాసన వస్తోంది, ఎవరూ దించలేదు. నేను బొంత మీద కూర్చుని చెట్టు మీది మనిషిని చూస్తున్నాను, చూడకూడదనుకుంటూనే. అమ్మ, "నర్సన్నను పిలుస్త" అని బయటికి పరిగెత్తింది. అవ్వ లేచి నా చేయి పట్టుకుంది. ఆమె చేయి చెక్కలా గట్టిగా ఉంది. బయల్దేరేముందు నేను ఆ బొమ్మ వైపు చేయి చాపితే, "ముట్టకు" అంది. "బాపు దిగినంక నువ్వు దించు."

బాపు రోజూ ఒకే వరుసలో చెట్లెక్కడు. అందుకని వెతకడం ఎట్లాగంటే, చెట్టు చెట్టుకూ పోయి మొదట్లో చెప్పులున్నాయా అని చూడటమే. నర్సన్న ముందు, వెనక అమ్మ, వెనక అవ్వా నేనూ. గట్ల వెంట నడుస్తున్నాం. ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు. పిలవకూడదు కదా. చెట్టు కనపడగానే నర్సన్న చూపు పైకి పోయేది కాదు, కిందికి పోయేది. "లెవ్వు" అనేవాడు. ఇంకో చెట్టు. "ఈడ గూడ లెవ్వు." ప్రతి 'లెవ్వు'కూ నాకు కొంచెం ఊపిరి వచ్చేది, ఎందుకంటే ఆ చెట్టు కింద ఆయన పడి కూడా లేడు. వెంటనే ఇంకో చెట్టు ఉందని గుర్తొచ్చేది. ఫామ్‌హౌస్ గేటు సందులోంచి నర్సన్న తన పాత చెలకలోని చెట్టు మొదటిని చూశాడు. కడిగినట్టు శుభ్రంగా ఉంది. "ఈడ లేడు, పదండి" అన్నాడు. కాని అవ్వ కదల్లేదు. గేటు దగ్గరి వాచ్‌మన్‌ను, "మావోడు ఇటు రాలేదా?" అని అడిగింది. "ఎవరూ లేరమ్మా లోపల. నేను తోటకు నీళ్లు పెడుతున్నా, చూడలే. సార్లు వస్తున్నారు, మీరు పక్కకు జరగండి." "గేటు దీసి పెట్టినవా మాపటికి?" "తీసే ఉంది. అయితే?" "అయితే ఏందయ్యా, వస్తె సూడవా? కండ్లు నెత్తికెక్కినయా?" వాళ్ల మాటలు పెరుగుతున్నాయి.

నేను గేటు ఊచల మధ్య నుంచి చూస్తున్నాను. లోపల గోడ వారగా చెప్పులు, బూట్లు వరుసగా పెట్టి ఉన్నాయి. వాచ్‌మన్‌వి, తోటమాలివి కావచ్చు. వాటి చివరన ఒక జత. కుడి చెప్పు పట్టీ తెగితే అవ్వ గోనెసంచి దారంతో కుట్టింది, ఆ కుట్టు నాకు తెలుసు. అవి గోడకు ముఖం పెట్టి ఉన్నాయి. ఇంటి దిక్కు కాదు, గోడ దిక్కు. ఒక్కసారిగా నాకు అర్థమైంది. అర్థమయ్యాక నోరు తెరిచాను. చప్పుడు రాలేదు. అవ్వ కొంగు లాగాను, ఆమె విదిలించుకుంది. నర్సన్న అప్పటికే పక్క చేను వైపు నడుస్తున్నాడు, అమ్మ ఆయన వెంట. వాళ్లు పోతున్నారు. చెట్టేమో ఇక్కడ ఉంది. పైన మట్టల గుబురు నల్లగా ఉంది, అందులో ఏమీ కనపడటం లేదు. నేను అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడు. అరవకపోతే వీళ్లు వెళ్లిపోతారు. ఆ రెండు భయాల మధ్య ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, బహుశా రెప్పపాటే. "అవ్వా! అవి మా బాపు చెప్పులు!" అని నేను వేసిన కేక, నాది కాదన్నట్టు వినిపించింది.

వాచ్‌మన్ వెనక్కి తిరిగి చూశాడు. "అవా? చెట్టు కాడ పడుంటే, సార్లు చూస్తే బాగుండదని తీసి ఇక్కడ పెట్టా" అన్నాడు. అన్నాక అవ్వ ముఖం చూసి, తానేం చేశాడో తెలియకపోయినా, గేటు బార్లా తీశాడు. నా కేకకు నర్సన్న, అమ్మ వెనక్కి పరిగెత్తుకొచ్చారు, అందరం చెట్టు కిందికి చేరాం. నర్సన్న పెదవుల మీద వేలు పెట్టుకుని, చుట్టూ తిరిగి పైకి చూశాడు. మట్టల మధ్య ఒక పాదం కనపడింది. బాపును కుట్టిన తేనెటీగలు ఇంకా ఒకటీ అరా ఝుమ్మంటున్నాయి. బాపు మోకు మీద వెనక్కి వాలి ఉన్నాడు. ముఖం, పెదవులు వాచిపోయి కళ్లు పూడుకుపోయాయి. కింద మేము వచ్చామని తెలుసో లేదో, ఒక చేయి మాత్రం మానును వాటేసుకుని ఉంది. నర్సన్న తన మోకు చుట్టుకుని ఎక్కాడు. తాత గాట్లు దాటి, బాపు గాట్లు దాటి, ఆ అటు మెట్టూ ఇటు మెట్టూ మీద కాళ్లు పెడుతూ, చాలా నెమ్మదిగా, "తమ్మీ, నేనే, నర్సన్నను, కదలకు" అని గొణుగుతూ పోయాడు. బాపును తనకు కట్టుకుని దించేదాకా అవ్వ పైకి చూడలేదు. వాచ్‌మన్ దగ్గర లాక్కున్న ఆ చెప్పుల్ని చెట్టు మొదట్లో, ఇంటి దిక్కు తిప్పి పెట్టి, వాటి మీద చేయి వేసి కూర్చుంది.

చేవెళ్ల దవాఖానకు ఆటోలో తీసుకెళ్లారు. ఆటోను పరిగెత్తి పిలుచుకొచ్చింది ఆ వాచ్‌మనే. బాపు తల పట్టుకుని చేవెళ్ల దాకా కూర్చున్నది కూడా అతనే. నన్నూ అవ్వనూ ఇంటికి పంపారు. ఇంట్లో చెట్టు అట్లాగే ఉంది, మనిషి పైనే ఉన్నాడు. అవ్వ, "ఇగ దించు" అంది. నేను దారం విప్పుతుంటే ఆమె దీపం దగ్గరగా పట్టుకుంది. విప్పి దించి, నేలమీద పడుకోబెట్టి, అప్పుడు ఏడ్చాను.

బాపు బతికి ఇంటికి వచ్చాడు. ఆ సంతోషం నాకు ఎక్కువ రోజులు మిగల్లేదు, ఎందుకంటే వాపు తగ్గగానే మళ్లీ కత్తి నూరాడు. "ఇంకేం పని ఎరుక నాకు? ఫికర్ జెయ్యకు బిడ్డా, ఈగలు లేని చెట్లే ఎక్కుత" అన్నాడు. ఆ పొద్దున వినిపించిన గరగర ఇప్పటికీ కలలో వస్తుంది. ఆ రోజు నేను చెట్లన్నీ విప్పేశాను, వంగే చెట్టుతో సహా. మనిషి లేని చెట్టు కట్టబుద్ధి కాలేదు, మనిషి ఉన్న చెట్టు కట్టే ధైర్యం లేదు. నర్సన్న ఆ సాయంత్రం బాపుతో పాటు దించిన లొట్టి ఒకటి పగలకుండా వచ్చింది. అవ్వ దాంట్లోనే ఇటుకలన్నీ పోసి, గుడ్డ కట్టి, అటక మీద పెట్టించింది. ఆ తర్వాతే నేను డైరీ రాయడం మొదలుపెట్టాను. కాగితం మీద ఎంత బరువైన మాట పెట్టినా కింద పడి చప్పుడు కాదు.

ఇప్పుడు అవ్వ లేదు. ఈత చెట్లు ఒకటొకటిగా గోడల లోపలికి పోయాయి, కొన్ని పడిపోయాయి. బాపు చెట్లెక్కడం మానేసి అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టుకు వాచ్‌మన్‌గా పోతున్నాడు. అక్కడ ఒక ముసలి ఈత చెట్టు మానుకు అడుగు నుంచి కొస దాకా రంగు దీపాల తీగ చుట్టారట. వంకర మాను మీద అది బాగుంటుందని పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట. "గాట్లన్ని కనబడతయి రాత్రిపూట, ఎవ్వరు గీసిండ్రో మంచిగ గీసిండ్రు" అంటాడు బాపు. నేను గండిపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. మాట్లాడకపోతే మెచ్చుకునే చోటు అది. బాపు నేల మీదే ఉన్నాడు, కుర్చీలో కూర్చుంటాడు, కాబట్టి నాకు భయం తగ్గాలి. తగ్గలేదు. అప్పటి భయానికి ఒక ఎత్తు ఉండేది, ఒక వేళ ఉండేది, కింద గుర్తుగా రెండు చెప్పులుండేవి. ఆయన మలుపులో కనపడగానే మర్నాటిదాకా అయిపోయేది. ఇప్పుడు ఆయన స్కూటర్ మీద ఆ పెద్ద రోడ్డు దాటాలి. లారీలు, కార్లు. రాత్రి డ్యూటీలు. బ్యాగులో ఫోను మోగితే, అది బాపు నంబరైనా కాకపోయినా, నా చేతులు ఆ గిలాస పడేసిన చేతులవుతాయి. ఈ భయం ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో నాకు తెలియదు.

మొన్న ఆదివారం, స్లాబు కింద కర్రలు ఇంకా తీయలేదు, ముందు గదిలో చాప వేసుకుని లొట్టి మూతి గుడ్డ విప్పాను. ఇటుకలు దుమ్ము పట్టాయి కాని రంగు పోలేదు. చేతులకు ఇంకా గుర్తుంది. ఒక బొడిపె కుడికి, ఒకటి ఎడమకు. తాత గాట్లు, బాపు గాట్లు. మట్టలు. తెల్ల ముక్క. చివరగా రెండు ఎర్ర వాలు ముక్కలు మొదట్లో పెట్టి, గడప దిక్కు తిప్పాను. మనిషి కోసం లొట్టి బోర్లించి వెతికాను, మూలమూలా చేయి పెట్టి చూశాను. నీలం కాలు ఒక్కటి కూడా దొరకలేదు.

బాపు డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడు. మోకాళ్లు నొప్పి కదా, గోడ పట్టుకుని నెమ్మదిగా చాప మీద కూర్చున్నాడు. వేలితో మానును మొదటి నుంచి కొస దాకా తడిమాడు. ఒక చోట వేలు ఆగింది.

"నర్సన్న చెలకల చెట్టు" అన్నాడు.

"ఊఁ."

"మనిషేడి?"

"దొరకలే బాపూ. మొత్తం ఎతికిన."

బాపు చెట్టు కొస వైపు చూశాడు, తర్వాత కింది ఎర్ర ముక్కల వైపు చూశాడు. నేను వద్దనబోయాను. ఆ చెప్పుల్ని ఎవరూ ముట్టకూడదని నా ఒళ్లంతా ఇంకా నమ్ముతోంది. ఆయన రెండు ముక్కల్నీ వేళ్లతో తీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూశాడు.

"పైన లేడంటె దిగిండన్నట్టే గద బిడ్డా" అన్నాడు. "దిగినోడు చెప్పులు తొడుక్కోడా మరి?"